బ్రేకు మాస్టారు కుడికాలు

మా తమ్ముడికి అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉంది. అది వాడి లైసెన్సు మీద తప్ప ఇంకెక్కడా కనపడదు. ఊరంతా వాణ్ణి బ్రేకు మాస్టారు అంటుంది.

వాడు డ్రైవింగ్ నేర్పుతాడు. నేర్పే కారులో పక్క సీటు కింద కూడా ఒక క్లచ్చి, ఒక బ్రేకు ఉంటాయి. నేర్చుకునేవాళ్ళు కంగారుపడి బండిని గోడమీదికి పోనిస్తే పక్కనున్న మాస్టారు తొక్కడానికన్నమాట. మిగతా మాస్టార్లు అవసరమైనప్పుడు తొక్కుతారు. మావాడు అవసరం వస్తుందేమోనని అనుమానం వచ్చినప్పుడే తొక్కేస్తాడు. వాడి కారులో నేర్చుకున్నవాళ్ళు పరీక్ష రోజున వేరే కారెక్కి, ఇదేంటి ఇంత వేగంగా పోతోంది అని బిత్తరపోతారు.

కారు దిగినా ఆ కాలు ఊరుకోదు. రోడ్డుమీద నడుస్తుంటే ఎదురుగా సైకిల్ వస్తే చాలు, నేలను ఒక్క తొక్కు తొక్కుతాడు. బస్సులో కూర్చుంటే డ్రైవరు వేసిన ప్రతి బ్రేకుకూ తోడుగా తనూ ఒకటి వేస్తాడు. ఒకసారి వాణ్ణి సినిమాకి తీసుకెళ్ళాను. తెరమీద కారు లోయ అంచుదాకా వచ్చింది. ముందు వరుసలో పెద్దాయన వెనక్కి తిరిగి, నా సీటును ఎందుకు తంతున్నావయ్యా అని అడిగాడు. చెప్పులు బాగుచేయించడానికి వాడు పట్టుకెళ్ళే జతలో ఎప్పుడూ కుడిదే అరిగి ఉంటుంది, ఎడమది కొత్త పెళ్ళికూతురిలా ఉంటుంది. ఇలాగే పోతే ఒంటి చెప్పు అమ్మే కొట్టు వెతుక్కోవాలని నేను వాణ్ణి ఏడిపిస్తుంటాను.

కాలికి తోడు నోరు. "చూసుకో" అన్నది వాడి ఊతపదం. అన్నం తినేవాళ్ళతో కూడా చూసుకో అంటాడు. ఏం చూసుకోవాలో మాత్రం చెప్పడు.

వాడి భార్య కూడా వాడి దగ్గర నేర్చుకోవడానికి వచ్చిన పిల్లే. ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. పెద్దపెద్దవాళ్ళను గోడకు నిలబెట్టి గాలి పీల్చండి, బిగబట్టండి, వదలండి అని ఆజ్ఞాపించే మనిషి కదా, స్టీరింగ్ ముందు కూర్చుంటే చెయ్యి వణకలేదు. ఆ పిల్ల నేర్చుకున్నన్నాళ్ళూ మావాడు ఒక్కసారి కూడా బ్రేకు తొక్కలేదని డ్రైవింగ్ స్కూలంతా వింతగా చెప్పుకున్నారు. రోడ్డు చూస్తే కదా తొక్కడానికి అన్నాను నేను. పెళ్ళయింది. పెళ్ళికి ముందు ఒక్కసారీ తొక్కనివాడు, పెళ్ళయ్యాక కాలు తియ్యలేదు.

పాలు పొంగుతాయని ఆమె కంటే ముందు వీడు స్టవ్ ఆపేస్తాడు. ఆమెకు వేరే ఆసుపత్రిలో ఇంకాస్త మంచి ఉద్యోగం వస్తే దారిలో మలుపులెక్కువని వద్దన్నాడు. నైట్ డ్యూటీ ఉన్న రోజు ఆమె బస్సెక్కేదాకా ఒక ఫోను, దిగేదాకా ఇంకో ఫోను. కూతురు పుట్టాక చెప్పనే అక్కర్లేదు. పిల్లను మేం బఠాణీ అని పిలుస్తాం. గుండ్రంగా ఉండేది, కింద పెడితే దొర్లిపోయేది. అది నడక నేర్చుకునే రోజుల్లో వీడు దాని వెనకాలే వంగి తిరిగి తిరిగి నడుం పట్టేసుకున్నాడు. ఇదంతా ప్రేమ లేక కాదు. ఉండబట్టే. నాకు ఒళ్ళు మండేది కూడా అందుకే. ప్రేమలేనివాణ్ణయితే నాలుగు తిట్టి ఊరుకోవచ్చు.

వాళ్ళు విడిపోతున్నారని తెలిసినప్పుడు బంధువులు పరుగెత్తుకొచ్చారు. వచ్చి చాలా నిరాశపడ్డారు. తాగుడు లేదు, తిట్లు లేవు, ఇంకో మనిషి లేదు. చెప్పుకోవడానికి ఏమీ దొరక్క టీలు తాగి వెళ్ళిపోయారు. నా మరదలు నాతో మాత్రం చెప్పింది. బట్టలు సర్దుకున్న రోజు నా కొట్టుకు వచ్చి, కుట్టుమిషను పక్కన స్టూలు మీద కూర్చుని, ఎక్స్‌రే రిపోర్టు చదివినంత తాపీగా చెప్పింది.

"వదినా, నేనే పని మొదలుపెట్టినా ముందు ఆయన కాలి చప్పుడు వినిపిస్తోంది. ఆయన ఇంట్లో లేనప్పుడు కూడా వినిపిస్తోంది. ఇంక నావల్ల కాదు."

నాకు ఎంత నోరుందో ఊరందరికీ తెలుసు. ఆ రోజు మాత్రం ఆమె సంచికి ఊడిన పిడి కుట్టి ఇచ్చి పంపాను.

వంతెన అవతల, స్టేషనరీ షాపు పైన రెండు గదులు తీసుకుని, తొమ్మిదేళ్ళ బఠాణీతో వెళ్ళిపోయింది. విడాకులకు ఇద్దరూ ఒప్పుకున్నారు. కోర్టు చివరి మాట చెప్పేదాకా పిల్ల బడి ఉన్న రోజులు తల్లి దగ్గర, సెలవు రోజులు తండ్రి దగ్గర ఉండాలని అనుకున్నారు. మొహమొహాలు చూసుకోవడం కష్టంగా ఉంది గనక అప్పగింతల తతంగం నా కొట్టులో పెట్టారు. నాది బట్టలు సరిచేసే కొట్టు. కొత్తవి కుట్టను. పొడుగైనవి పొట్టి చేస్తాను, బిగుతైనవి వదులు చేస్తాను, చిరిగినవి చిరగనట్టు కనిపించేలా చేస్తాను. శుక్రవారం సాయంత్రం తల్లి పిల్లను దింపి వెళ్ళేది. ఆమె వీధి మలుపు తిరిగిందని నేను ఫోను చేస్తే అప్పుడు మావాడు వచ్చేవాడు. ఆ మధ్య కాసేపు బఠాణీ నా బల్లమీద కూర్చుని బొత్తాలు రంగులవారీగా వేరుచేసేది. రెండు దేశాల సరిహద్దులో నన్ను కాపలా పెట్టినట్టుంది అని నేను సణుగుతూనే ఉండేదాన్ని.

ఇలా కొన్నాళ్ళు బాగానే నడిచింది. ఇంతలో తల్లి దగ్గర ఉండగా బఠాణీ సైకిల్ నేర్చుకుంటూ పడింది. మణికట్టు ఎముకలో సన్నటి చీలిక. ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసింది తల్లే. కన్నబిడ్డ ఎముకలు తెరమీద చూసి, పని పూర్తిచేసి, తర్వాత బాత్రూములోకి వెళ్ళి ఏడ్చిందట. ఈ సంగతి నాకు అక్కడి నర్సు చెప్పింది.

మావాడు ఏడవలేదు. సరాసరి లాయరు దగ్గరికి పోయాడు. పిల్లను పూర్తిగా తనకే ఇవ్వాలని, తల్లి నెలకో రెండుసార్లు వచ్చి చూసుకుంటే చాలని పిటిషను వేయించాడు. లాయరుకు పండగే. ఇంతవరకూ కేసులో కండ లేదని బాధపడుతున్న మనిషి, ఆ ఎక్స్‌రే చేతికి రాగానే వెలుతురుకు పట్టి చూసి, ఇది చాలు మాస్టారూ అన్నాడట. తల్లి తీసిన ఎక్స్‌రేతోనే తల్లి నిర్లక్ష్యం రుజువు చేస్తానని లేచి నిలబడ్డాడట. అంతే, అక్కణ్ణుంచి మావాడు తప్పులేరుకోవడం మొదలుపెట్టాడు. పిల్ల గోళ్ళు పెరిగాయా, బడికి ఆలస్యమైందా, దగ్గిందా, అన్నీ చెవిన వేసేవాడు, లాయరు అన్నీ రాసుకునేవాడు.

ఈ గొడవలో బఠాణీ మాట మారిపోవడం నేను గమనించాను.

మన, మా అని రెండు మాటలున్నాయి కదా మనకు. ఎదుటిమనిషిని కలుపుకుంటే మన, పక్కన పెడితే మా. ఈ తేడా పిల్లలకు ఎవరూ నేర్పరు, పాలతో పాటే వచ్చేస్తుంది. పూర్వం బఠాణీ తండ్రితో మాట్లాడితే మన ఇల్లు, మన కుక్కర్, మన పిల్లి అనేది. తర్వాత, మీ ఇంట్లో ఫ్యాను చప్పుడు చేస్తోంది నాన్నా, అనడం మొదలుపెట్టింది. ఒక శనివారం వాడు దానికి నా కొట్టులోనే జడ వేస్తున్నాడు. గట్టిగా లాగాడు కాబోలు, అది మొహం చిట్లించి, "మా అమ్మయితే ఇంత గట్టిగా లాగదు" అంది.

సొంత తండ్రితో "మా అమ్మ" అంది. రైల్లో పక్కన కూర్చున్న పరాయివాడితో అన్నట్టు.

వాడి చేతిలో జడ ఆగిపోయింది. నావైపు తిరిగి, చూశావా అక్కా, ఎలా నూరిపోస్తోందో అన్నాడు. మరదలు ఏమీ నూరిపొయ్యడం లేదు. ఎందుకంటే తర్వాతి శుక్రవారం బఠాణీ తల్లితో కూడా అలాగే మాట్లాడింది. నా కొట్టు గుమ్మంలో నిలబడి, అమ్మా, నా నీలం గౌను మీ ఇంట్లో ఉండిపోయింది అంది. తల్లి నావంక చూసింది. నేను సూదిలో దారం ఎక్కిస్తున్నట్టు తలవంచుకున్నాను.

ఆమె వెళ్ళాక ఉండబట్టలేక అడిగాను. "అది మీ అమ్మ ఇల్లు, ఇది మీ నాన్న ఇల్లు. మరి నీ ఇల్లేదే?"

బఠాణీ బొత్తాలు ఏరుతూ, తల ఎత్తకుండానే చెప్పింది. "నాకు ఇల్లు లేదత్తా. నాకు బ్యాగుంది."

ఏడుస్తూ చెప్పినా బాగుండేది. నాకు చెవులున్నాయి అన్నంత మామూలుగా చెప్పింది. ఆ బ్యాగు నేను కుట్టించి ఇచ్చిందే. మిషను మీద నా కాలు ఆగిపోయింది. పిల్ల ఎవరి దగ్గర ఉండాలన్న దానిమీద ఇద్దరు లాయర్లు, ఒక కోర్టు తలలు బద్దలుకొట్టుకుంటుంటే, ఇద్దరి మధ్యా ఆ పిల్లకు ఎక్కడా చోటు లేకుండా పోతోంది. ఈ కేసు ఎవరు గెలిచినా ఓడేది ఇదేనని ఆ క్షణంలో నాకు తెలిసింది.

తమ్ముణ్ణి పిలిచి ఆ మాట చెప్పాను. విని కుప్పకూలతాడనుకున్నాను. కళ్ళనీళ్ళు పెట్టుకున్న మాట నిజమే. కానీ కళ్ళు తుడుచుకుని వాడన్నదేమిటంటే, దీన్ని లాయరుకు చెప్పాలి అక్కా, అక్కడ పిల్ల ఎంత అల్లాడుతోందో దీన్నిబట్టే తెలుస్తుంది.

చేతిలో కత్తెర ముందు బల్లమీద పెట్టాను. చేతిలో ఉంటే మంచిది కాదనిపించింది. తర్వాత వాణ్ణి కడిగిపారేశాను. కేసు గెలవడానికి కూతురి నోట్లో మాట కూడా పనికొస్తుందా నీకు, దాని ఎముక సరిపోలేదా అన్నాను. వాడి కుడికాలు నా కొట్టు నేలమీద టపటప తొక్కుతూనే ఉంది. నా కొట్టులో ఏ బండీ కదలడం లేదురా, బయటికి నడు అని పంపించేశాను.

కట్టు విప్పిన వారం బఠాణీ బ్యాగుతో పాటు సైకిల్ కూడా నడిపించుకుంటూ వచ్చింది. చెయ్యి బాగైంది, ఇంక తొక్కొచ్చని డాక్టరు చెప్పాడట, అమ్మ సరేనందట. మావాడు చూసి, ససేమిరా కుదరదన్నాడు. పిల్ల వాదించలేదు. "పోనీలే, అమ్మ దగ్గరే తొక్కుతా" అంది.

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. ఆవిడ నేర్పగా లేనిది నేను నేర్పలేనా అని పౌరుషం వచ్చింది. నాకూ కొట్టు సెలవే గనక, ఆదివారం పొద్దున్నే ముగ్గురం వాడి కారులో సైకిల్ కట్టుకుని డ్రైవింగ్ పరీక్షలు పెట్టే మైదానానికి వెళ్ళాం. విశాలంగా, ఖాళీగా ఉంది. నేలమీద తెల్లగీతలు, అక్కడక్కడా ఎర్ర ప్లాస్టిక్ శంకువులు. మావాడికి అది సొంత సామ్రాజ్యం. పిల్లను సైకిల్ ఎక్కించి పాఠం మొదలుపెట్టాడు. బయలుదేరే ముందు అద్దంలో చూసుకోవాలన్నాడు. అద్దం లేదు నాన్నా అంది బఠాణీ. ఉన్నట్టు అనుకుని చూసుకోమన్నాడు. ఈ పాఠం అయ్యేసరికి పిల్ల పెళ్ళీడుకొస్తుందిరా అన్నాను నేను, కారు నీడలో కూర్చుని.

చివరికి కదిలారు. పిల్ల తొక్కుతోంది, వీడు సీటు వెనక చేత్తో పట్టుకుని పక్కనే పరుగు. వీడు వద్దు వద్దంటున్నా సైకిల్ కాస్త వేగం అందుకుంది. ముందు మలుపు. మలుపులో శంకువు. పిల్ల దాన్ని చూసింది, చూసి ఇటు తిప్పుకుంటోంది కూడా. కానీ ఆ లోపలే మావాడి కుడికాలు పని కానిచ్చేసింది. పరుగెత్తుతున్న మనిషి, ఉన్నపళంగా నేలకేసి బ్రేకు తొక్కాడు.

లోకంలో ఇంకెవరైనా అలా పడి ఉంటారని నేననుకోను. కుడికాలు నేలకు అతుక్కుపోయింది, మిగతా మనిషి ముందుకు పోయాడు. పల్టీ కొట్టి తెల్లగీత మీద వెల్లకిలా పడ్డాడు. చేతిలోంచి సీటు జారిపోయింది. పడగానే ముందు పిల్లవైపే చెయ్యి చాచాడు. చూసుకో అని అరవబోయాడు కాబోలు, ఊపిరి ఆడక నోరు తెరుచుకునే ఉంది.

బఠాణీకి ఇదేమీ తెలియదు. నాన్న వెనక పట్టుకునే ఉన్నాడనుకుంది. శంకువును తప్పించుకుంది. మలుపు తిరిగింది. నాన్నా, నేరుగా పోనా అని అడుగుతూ మైదానం చుట్టూ పెద్ద సున్నా చుట్టి, మళ్ళీ మా ముందుకే వచ్చి, తనే బ్రేకు నొక్కి, ఒక కాలు నేలకు ఆనించి ఆగింది. అప్పుడు చూసింది నేలమీది నాన్నను.

"నాన్నా, నువ్వెప్పుడు పడ్డావ్?"

వాడు పడుకునే దానివంక అలా చూస్తూ ఉండిపోయాడు. నొప్పితో మొహం పాలిపోయింది. అయినా ఆ చూపు నాకు తెలుసు. మొదటిసారి ఆ ఎక్స్‌రే అమ్మాయి కారు నడుపుతుంటే రోడ్డు వదిలేసి పక్కకు చూసిన చూపు అది.

చీలమండ చూస్తుండగానే పొంగింది. వాణ్ణి మోసుకొచ్చి పక్క సీట్లో పడేసి, స్టీరింగ్ నేను పట్టాను. నాకు లైసెన్సుంది. వాడి దగ్గర కాదు, ఊరవతల ఇంకో స్కూల్లో రహస్యంగా నేర్చుకున్నాను. వాడి ముందు కూడా బ్రేకుంది. తొక్కడానికి కాలే లేదు. వాడు పక్కనుండగా ఒక్క కుదుపు కూడా లేకుండా నేను బండి నడిపింది ఈ జన్మలో ఆ ఒక్కసారే. దగ్గర్లో ఉన్న ఆసుపత్రి నా మరదలు పనిచేసేదే. అక్కడికి వద్దక్కా, ఇంకెక్కడికైనా పోదాం అని గొణిగాడు. నాకు ఆ దారి ఒక్కటే తెలుసన్నాను. అబద్ధమే. ఏం ఫరవాలేదు.

ఎక్స్‌రే గదిలో ఆ పూట డ్యూటీ ఆమెదే. చక్రాల కుర్చీలో వాణ్ణి చూడగానే, ముందు పిల్లవంక, పిల్ల చేతులవంక చూసింది. దానికేం కాలేదని నేను తలూపాను. మమ్మల్నిద్దరినీ బయట నిలబడమంది. తలుపు ఓరగా ఉంది. నాకు వినిపించకుండా ఎలా ఉంటుంది?

ఆమె వాడి పాదాన్ని రెండు చేతులతో ఎత్తి బల్లమీద సరిగ్గా పెట్టింది. ఆ కుడిపాదమే. ఇన్నేళ్ళూ ఆమె చెవుల్లో చప్పుడు చేసిన పాదం. వాడు ఆ చేతులవంక చూస్తూ అడిగాడు.

"ఆ రోజు పిల్ల పడ్డప్పుడు నువ్వు పక్కనే ఉన్నావా?"

"ఉన్నాను. నా చెయ్యి సీటు మీదే ఉంది."

ఆమె మిషనును పాదం మీదికి జరిపింది.

"ఇవాళ నా చెయ్యి కూడా సీటు మీదే ఉంది" అన్నాడు వాడు. "లాయరుతో చెప్తాను. ఆ ఎక్స్‌రే కేసులోంచి తీసేయమంటాను."

"కదలకండి మాస్టారూ" అందామె. "బొమ్మ చెదిరిపోతుంది."

పెళ్ళయ్యాక ఆమె వాణ్ణి మాస్టారూ అని పిలవడం నేను వినలేదు. నేర్చుకునే రోజుల్లో పిలిచేది. గొంతు మామూలుగానే ఉంది, కానీ ఆ మాట వచ్చింది. నేను కొంగుతో కళ్ళొత్తుకుంటుంటే బఠాణీ నన్ను దాటుకుని లోపలికి దూరిపోయింది. తెరమీద బొమ్మ వచ్చింది. ముగ్గురూ పక్కపక్కనే నిలబడి, అంటే ఒకరు కూర్చునే, దానివైపు చూశారు. తల్లి వేలితో చూపించింది, ఇదుగో చీలిక అని. బఠాణీ పరిశీలనగా చూసి, "నాకంటే నీకే ఎక్కువ విరిగింది నాన్నా" అంది. ఆ గదిలో ముందు నవ్వింది ఎవరో నాకు తెలీదు గానీ ముగ్గురి నవ్వూ వినిపించింది.

ఇక్కడితో ముగ్గురూ చేతులు పట్టుకుని ఒకే ఇంటికి వెళ్ళారని రాస్తే మీకూ బాగుంటుంది, నాకూ బాగుంటుంది. వెళ్ళలేదు. ఆమె డ్యూటీ ముగించుకుని వంతెన అవతలికి వెళ్ళింది, వాడు పిండికట్టుతో ఇవతలికి వచ్చాడు. విడాకులు విడాకులే. నాకు కొంచెం ఆశ కలిగిన మాట నిజం. ఒకరోజు ఆ మాట కదిపితే మరదలు నవ్వి, వదినా, ఆయన మంచి మాస్టారే, నేను నేర్చుకోవడం అయిపోయింది అంది. ఇంక ఆ మాట ఎత్తలేదు.

కానీ పిటిషను మారింది. లాయరు లబలబలాడాడు. చేతికొచ్చిన కేసు అన్నాడు. ఆ ఎక్స్‌రే తీసేస్తే మనకేం మిగులుతుంది మాస్టారూ అని అడిగితే, కూతురు మిగులుతుందండీ అన్నాడట మావాడు. ఇద్దరూ కూర్చుని, మధ్యలో నన్ను కూడా కూర్చోబెట్టి, కొత్త ఒప్పందం రాసుకున్నారు. పిల్ల ఇద్దరి దగ్గరా ఉంటుంది. బడి, వైద్యం లాంటివి ఇద్దరూ మాట్లాడుకునే తేల్చాలి. ఒకరి ఇంటి సంగతులు ఇంకొకరు పిల్లను గుచ్చి గుచ్చి అడక్కూడదు. ఈ చివరిది నేను రాయించాను. కోర్టులో జడ్జిగారు అంతా చదివి, కర్రల మీద నిలబడ్డ మావాణ్ణి, ఇది మీ ఇష్టపూర్వకంగానే ఒప్పుకున్నారా, ఎవరూ ఒత్తిడి చెయ్యలేదు కదా అని అడిగారు. వాడు నావైపు ఒకసారి చూసి, లేదండీ అన్నాడు.

నేను నాకు చేతనైన పని చేశాను. బడి బట్టలు, ఇంటి బట్టలు, రాత్రి వేసుకునేవి, అన్నీ రెండో జత తయారుచేసి ఆ ఇంట్లో కొన్ని, ఈ ఇంట్లో కొన్ని పెట్టించాను. మోసుకు తిరగడానికి ఏమీ మిగలకూడదని నా పట్టుదల. బఠాణీ బ్యాగు ఖాళీ అయింది. ఇప్పుడందులో బొత్తాలు పోసుకున్నాను.

మొదటి శుక్రవారమే చిక్కొచ్చింది. మావాడు కట్టుతో కదల్లేడు, తల్లికి డ్యూటీ. పిల్లను ఎవరు తేవాలి? బఠాణీ ఫోనులోనే తేల్చేసింది. అమ్మ ఇంటి ముందు బస్సెక్కితే నాన్న వీధి చివర దిగుతాను, నాకు తెలుసు, నేనే వస్తాను అంది. వద్దనడానికి మావాడు నోరు తెరిచాడు. తెరిచి, కట్టులో ఉన్న కాలువంక చూసుకుని, మూసేశాడు. సరేనమ్మా అన్నాడు. ఆ ఒక్క మాట అనడానికి వాడికెంత కష్టమైందో నాకు తెలుసు. వాడి మెడ నరాలు ఉబ్బాయి.

అలా అన్నవాడు పిల్ల ఫోను పెట్టెయ్యగానే నన్ను బతిమాలాడు. ఈ ఒక్కసారికి నువ్వు అదే బస్సులో వెనకాల కూర్చుని రా అక్కా, దానికి కనపడకు, వాళ్ళమ్మకు చెప్పకు. సరేనన్నాను. మధ్యాహ్నం మరదలు ఫోను చేసింది. వదినా, ఈ ఒక్కసారికి కాస్త అదే బస్సులో రాగలవా, ఆయనకు చెప్పకు అంది. ఇంత ఏకాభిప్రాయం కాపురంలో ఉండి ఉంటే నాకీ తిప్పలు తప్పేవి కదా అనుకుని కొట్టు మూశాను.

మొహానికి పేపరు అడ్డం పెట్టుకుని బస్సులో వెనక సీట్లో కూర్చున్నాను. బఠాణీ ఎక్కింది. బ్యాగు లేదు, చేతిలో ఒక పుస్తకం మాత్రం ఉంది. కిటికీ పక్కన కూర్చుంది. బస్సు వంతెన ఎక్కుతుండగా దాని పక్కనున్న ముసలావిడ పలకరించింది. ఒక్కదానివే బయలుదేరావా అంది. అవునంది ఇది. నేను పేపరు కాస్త దించాను.

"ఎక్కడి నుంచమ్మా వస్తున్నావు?"

"మా ఇంటి నుంచి."

"మరి ఎక్కడికి వెళ్తున్నావు?"

"మా ఇంటికి."

ముసలావిడ అయోమయంగా చూసింది. తను సరిగ్గా వినలేదనుకుందేమో, చెవి దగ్గరగా పెట్టింది. బఠాణీకి ఓపిక ఎక్కువే, విడమరిచి చెప్పింది. అక్కడ మా అమ్మ ఉంటుంది, ఇక్కడ మా నాన్న ఉంటాడు, రెండూ మా ఇళ్ళే అంది. ఆవిడ ఓహో అని తలూపి, కిటికీలోంచి చల్లగాలి వస్తోందని కొంగు కప్పుకుంది.

నాకు పేపర్లో అక్షరాలు అలుక్కుపోయాయి. బస్సు ఆగింది. బఠాణీ లేచి, తలుపు దాకా నడిచి, వెనక్కి కూడా తిరగకుండా అంది. "అత్తా, పేపరు తలకిందులుగా పట్టుకున్నావు. దిగు, మన స్టాపొచ్చింది."

దిగాను. స్టాపు దగ్గర మావాడు రెండు కర్రల మీద వేలాడుతున్నాడు. ఇంట్లో ఉండమంటే ఉన్నాడా! ఎప్పుడొచ్చి నిలబడ్డాడో, చొక్కా చెమటకు తడిసిపోయింది. బఠాణీ వాడి పక్కకు వచ్చి, ఎందుకొచ్చావు నాన్నా, అక్కడ గుంట ఉంది, చూసుకో అంది. అని, ఆకలేస్తోందంటూ ముందుకు నడిచింది.

వాడు నన్ను కళ్ళతోనే అడిగాడు. నేను బస్సులో విన్నది విన్నట్టు చెప్పాను. కర్రలు కదలకుండా నిలబడిపోయాడు.

"మా ఇల్లు అందా?"

"అంది."

"రెండింటినీ?"

"రెండింటినీ" అన్నాను.

వాడు తల వంచుకున్నాడు. ముందు బఠాణీ రోడ్డు దాటడానికి ఆగింది. అటు చూసింది, ఇటు చూసింది, దాటింది. నేను వాడి కాలివంకే చూస్తున్నాను. కట్టు బరువుకో, ఇంకెందుకో, అది కదల్లేదు. అవతలి పక్కనుంచి పిల్ల మమ్మల్ని తొందరగా రమ్మని చెయ్యి ఊపింది.